పొలిమేర దాటి వచ్చిన అతిథి

పరదేశమున అతిథిగా నివసించుటకు ప్రభుత్వమిచ్చిన గడువు రేపటితో తీరనుండగా, ఒక మనుష్యుడు నేడు ఆ దేశపు సరిహద్దునకు పోయి, నిర్గమన ముద్ర వేయించుకొని, ఆవలి నేలపై ఒక పూటయో ఒక రాత్రియో గడిపి, మరల అదే ద్వారమున లోనికి వచ్చి, ప్రవేశ ముద్రతోపాటు క్రొత్త గడువును సంపాదించుకొనుట ఇప్పటి లోకమున సాధారణమైన ఆచారమైనది. అతని పెట్టె అద్దెగదిలో మంచము క్రిందనే ఉన్నది. ఉదయము పాలు కాచిన గిన్నె పొయ్యి ప్రక్కన అట్లే ఉన్నది. అతని మనస్సు ఒక్క క్షణమైనను ఆ ఊరు విడువలేదు. అయినను చట్టము దృష్టిలో అతడు వెడలిపోయినాడు, క్రొత్తవాడై తిరిగి వచ్చినాడు. అతడు నిజముగా వెళ్లినట్లా, వెళ్లనట్లా? అతడు చేసినది ధర్మబద్ధమా, లేక ధర్మమును మాటలలో నిలిపి చేతలలో దాటుటయా? ఈ ప్రశ్నను న్యాయవాదులకు వదలిపెట్టుట సులభమే గాని, నాకిది మొదటినుండియు వేదాంత ప్రశ్నగనే తోచుచున్నది. హద్దును గూర్చి, గడువును గూర్చి, వెడలిపోయి మరల వచ్చుటను గూర్చి మన పూర్వులు తరతరములుగా ఆలోచించిరి. వారి ఆలోచన మన పాస్‌పోర్టు కౌంటరువద్ద కూడ పనికివచ్చునని నా నమ్మకము.

నేనీ మాటలు వ్రాయుచున్న ఆలూరు సరిహద్దు ఊరు. హాలహర్వి మీదుగా పోయెడు బస్సెక్కినచో బళ్లారి చేరుటకు ఎంతో ప్రొద్దు పట్టదు. రోగము ముదిరినవారిని ఆసుపత్రికి తీసికొనిపోవువారును, పెండ్లిబట్టలు కొనువారును, సరుకు అమ్ముకొనువారును బళ్లారికే పోవుచుందురు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించినపుడు, బళ్లారి జిల్లానుండి ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు మాత్రము ఆంధ్రకు వచ్చి, మిగిలినవి మైసూరులో చేరినవి. మేనమామ ఒక రాష్ట్రమువాడును, మేనల్లుడు మరియొక రాష్ట్రమువాడును ఐరి. అయినను ఆ గీతను దాటుటకు ఎవనికిని అనుమతిపత్రము అక్కరలేదు. రాజ్యాంగము 19వ అధికరణమున పౌరునకు దేశమంతట సంచరించు హక్కును, ఎచ్చటనైనను నివసించు హక్కును ఇచ్చియున్నది. వానలు తప్పిన యేట మా పల్లెలవారు ఇండ్లకు తాళములు వేసి, ముసలివారిని అరుగులమీద వదలి, పిల్లలను చంకనెత్తుకొని గుంటూరు మిరపచేలకో బెంగళూరు కట్టడముల పనికో సుగ్గికి పోవుదురు. కష్టము కొండంత, కాని అచ్చట వారిని నిలవేసి, నీ గడువు తీరినది, పొలిమేర దాటి రమ్మని చెప్పువాడు లేడు. ఈ స్వేచ్ఛలో పుట్టి పెరిగిన మనకు, సముద్రము దాటిన మనవాడు గడువునకు లోబడి పడెడి వేదన అంత తేలికగా బోధపడదు.

రాయచోటి, రాజంపేట ప్రాంతములనుండి గల్ఫుదేశములకు పోయినవారి కథలు రాయలసీమలో వినని యిల్లు తక్కువ. వారిలో దుబాయికి విజిట్ వీసామీద పోయినవాడు ఆ గడువులోపల పని వెదకుకొనవలెను. పని దొరకినను క్రొత్త వీసా దేశము వెలుపలికి పోయి పొందవలెననునది చిరకాలము అచ్చటి పద్ధతిగా ఉండెను. స్వదేశమునకు వచ్చి మరల పోవుటకు టికెట్టు డబ్బు లేనివాడు, ఎగ్జిట్ కొట్టించుకొని వచ్చుటకై, ఇరాను దేశమునకు చెందిన కిష్ అను చిన్న ద్వీపమునకు పోయెడివాడు. అది స్వేచ్ఛావాణిజ్య మండలము. అచ్చట దిగుటకు ముందుగా వీసా అక్కరలేదు. కాని అచ్చటను 14 దినముల గడువున్నది. ఒక గడియారమునుండి తప్పించుకొనుటకు వచ్చినవాడు మరియొక గడియారము క్రింద నిలువవలసినదే! ఉద్యోగమిచ్చెదనన్నవాడు పంపవలసిన కాగితము వచ్చువరకు, గదికి నలుగురైదుగురు చొప్పున చవక హోటళ్లలో పడుకొని, తన పేర కాగితము వచ్చినదా యని ఉదయము సాయంకాలము గుమాస్తాను అడుగుచు, చేతిలోని సొమ్ము కరగిపోవుచుండగా ఒక పూట తిని ఒక పూట మాని, వారములు గడపినవారెందరో. కాగితము రానివాడు అటు పోలేడు, ఇటు రాలేడు. 2004 ఫిబ్రవరి 10వ తేదీన కిష్‌నుండి షార్జాకు వచ్చుచున్న కిష్ ఎయిర్ విమానము దిగబోవుచు కూలిపోయి, అందలి 46 మందిలో 43 మంది మరణించిరి. ఆ ప్రయాణికులలో ఇట్లు వీసా కొరకు పోయి తిరిగి వచ్చుచున్న పరదేశపు శ్రామికులును ఉండిరి.

ఆ దుర్ఘటన పిదప ఈ ఆచారమును వట్టి లాంఛనమనుటకు నాకు నోరు రాదు. కాగితముమీది రెండు ముద్రల నడుమ మనుష్యుని ప్రాణమున్నది. కావున ఈ ప్రశ్నను విచారించువాడు మొదట తెలిసికొనవలసినది, పొలిమేర దాటువారందరును ఒక్క కోవలోని వారు కారనుట.

అతిథిని దేవునిగ భావింపుమని బోధించిన ధర్మమే, అతిథికి కాలపరిమితిని కూడ చెప్పినది. మనువు తన స్మృతి 3వ అధ్యాయమున, పరుల యింట ఒక్క రాత్రి నిలుచువానినే అతిథిగా లెక్కించినాడు. ఇది ఆతిథేయుని లోభమునకు ఇచ్చిన అనుమతి కాదు. అతిథి గౌరవమునకు వేసిన కంచె. ఉండుమనగానే ఉండిపోవువాడు క్రమముగా ఆ యింటి వంటపై, వసతిపై, తుదకు ఆ యింటివారి ప్రేమపై కూడ తనకు హక్కు కలదని భావించును. భావించిన నాడే అతనిలోని అతిథి మరణించును. సన్న్యాసికి ఈ నియమము మరింత కఠినము. ఊరూర తిరుగుచుండుటయే అతని జీవనము. ఒకచోట వేళ్లు పాతుకొనుట అతని ఆశ్రమమునకే విరుద్ధము. వర్షకాలమున మాత్రము, పదఘట్టనచేత మొలకలును క్రిమికీటకములును నశించునను కరుణతో, ఒక్కచోట నిలిచి యుండుటకు శాస్త్రము అనుమతించినది. అదియే చాతుర్మాస్యము. పక్షమునే మాసముగా గ్రహించి, నేడు పీఠాధిపతులు ఆషాఢ పూర్ణిమ మొదలు భాద్రపద పూర్ణిమవరకు దీనిని పాటింతురు. వాన కొరకు మొగము వాచియుండు మా సీమలో, ఆకసమున మబ్బు లేని యేట కూడ ఈ వ్రతము తప్పదు. వ్రతము ముగిసిన దినమున అనేక మఠముల స్వాములు దండ కమండలములతో బయలుదేరి, ఊరి పొలిమేరనో దగ్గరి నదినో దాటి, సీమోల్లంఘనము చేసి, పిదప మఠమునకే తిరిగి వచ్చుటయు కలదు.

ఇచ్చట విమర్శకుడు నన్నడుగవచ్చును: ఆ స్వామి చేసినదేమి, దుబాయి కూలివాడు చేసినదేమి? ఇరువురును గడువు తీరిన దినమున హద్దు దాటిరి. ఇరువురును ఉన్నచోటికే తిరిగి వచ్చిరి. ఒకటి వ్రతమై మరియొకటి వంచన యెట్లగును? ఈ యాక్షేపణ బలమైనది. దీనిని కాషాయవస్త్రముపైని గౌరవముతో త్రోసివేయరాదు. స్వామికి ఆ మఠము, ఆ పల్లకి, ఆ శిష్యులు, ఆ భోజనము తనవియను భావము మనస్సున నాటుకొనియుండినచో, నది దాటి వచ్చినను అతడు దాటినది నీటిని మాత్రమే. ఆ ఉల్లంఘనము యొక్క తాత్పర్యము, ఇన్ని దినములు నన్ను భరించిన ఈ నేలపై నాకెట్టి స్వత్వమును లేదని తనకు తాను చెప్పుకొనుట. అది చెప్పుకొన్నవాడు తిరిగి వచ్చినను రాకపోయినను భేదము లేదు. చెప్పుకొననివాడు కాశికి పోయి వచ్చినను భేదము లేదు.

పొలిమేర దాటుట యనునది విజయదశమినాడు రాజులు కూడ చేసిన పని. వారు దాటినది పరుల నేలను తమదిగా చేసికొనుటకు. సన్న్యాసి దాటునది తనదనుకొన్న దానిని వదలుకొనుటకు. అనుమతిపత్రపు గడువు తీరినవాడు దాటునది ఉన్నచోటును నిలుపుకొనుటకు. అడుగు ఒక్కటే, సంకల్పములు వేరు. సంకల్పము లేని కర్మ నిష్ఫలమని మీమాంసకులు చెప్పకపోయినను, మా హొళగుంద మండలమందలి దేవరగట్టు ఆ మాటను ప్రతియేడును చెప్పుచునే యున్నది. విజయదశమి రాత్రి కొండమీద మాళమల్లేశ్వరుల కల్యాణము జరిగిన పిదప, ఉత్సవమూర్తులు కొండ దిగి, దివిటీల వెలుగులో కఱ్ఱల మ్రోతనడుమ బయలుదేరి, రక్షపడ, జమ్మిచెట్టు మొదలైన తావులను చుట్టి తెల్లవారువేళకు మరల వచ్చును. బన్ని యని పేరొందిన ఆ ఉత్సవమున తలలు పగులుటను గూర్చియే లోకము మాటలాడుకొనును. ఆ హింసను నేనును సమర్థింపను. కాని దానికి ముందు జరుగు ఒక కార్యమును లోకము గమనింపదు. దేవుని కాపాడు నెరణికి, నెరణికితండా, కొత్తపేట గ్రామములవారు పాలు ముట్టి, కలహములు మరచి ఒక్కటిగా ఉందుమని బాస చేయుదురు. పాలబాస యని దానికి పేరు. బాస చేసిన తరువాతనే దేవుడు గడప దాటును. బయలుదేరుటకు ముందు మాట యిచ్చుట, ఇచ్చిన మాట తోడురాగా వెడలుట, ఆ మాట చెల్లించి తిరిగి వచ్చుట. పాస్‌పోర్టులోని ముద్రలకు లోపించినది ఈ మాటయే. ముద్ర వేయు అధికారి ఏమియు అడుగడు, వేయించుకొనువాడు ఏమియు చెప్పడు.

ఇక గడువు విషయము. సరిహద్దు దాటినంతమాత్రమున గడచిన దినములు తుడిచివేయబడునా? లోకమందలి శాసనములు ఈ విషయమున రెండు విధములు. కొన్ని దేశముల చట్టమునకు జ్ఞాపకశక్తి లేదు. బయటికి పోయి వచ్చినవాడు దానికి ఎన్నడును చూడనివాడే. కొన్నిటికి జ్ఞాపకమున్నది. ఐరోపాలోని షెంగెన్ దేశములందు ఏ 180 దినములను లెక్కించినను అందు 90 దినములకు మించి పరదేశపు సందర్శకుడు ఉండరాదు. ఎన్నిమారులు దాటి వచ్చినను వెనుకటి దినములు అతని వెంట వచ్చును. వీసా లేకయే వచ్చువారు భూమార్గమున ఒక సంవత్సరములో రెండుమారులకు మించి ప్రవేశింపరాదని థాయిలాండు 2016 డిసెంబరు 31 నుండి నియమించినది. మరపుతో నడచిన శాసనములు క్రమముగా జ్ఞాపకము తెచ్చుకొనుచున్నవి.

ఇట్టి చర్చ మన వేదాంతమున స్వర్గమును గూర్చి జరిగినది. పుణ్యము చేసినవాడు స్వర్గమునకు పోవును. పుణ్యము తీరగానే మర్త్యలోకమునకు దిగును. మరల యజ్ఞములు చేసి పోవును, మరల దిగును. గీత 9వ అధ్యాయమున భగవానుడు ఈ రాకపోకలను వర్ణించి, కోరికలు గలవారికి దక్కునది ఇంతేయని తేల్చినాడు. స్వర్గవాసియే మొదటి గడువు అతిథి! ఐతే అట్లు దిగివచ్చు జీవుడు సంపూర్ణముగా లెక్క తీర్చుకొని, క్రొత్తవాడై దిగునా, లేక వెనుకటిది కొంత వెంట తెచ్చుకొనునా యని బ్రహ్మసూత్రముల 3వ అధ్యాయము మొదటి పాదమున సంశయము కలిగినది. కర్మశేషముతోనే దిగునని సిద్ధాంతము. అచ్చట శంకరభగవత్పాదులు ఒక పక్షమును వివరించుచు చూపిన దృష్టాంతము నా మనస్సున చిరకాలము నిలిచియున్నది. రాజాస్థానమున కొలువు కొరకు సకల పరికరములతో పోయిన సేవకుడొకడు, బహుకాలము పరదేశమున ఉండుటచేత అవియన్నియు ఖర్చుకాగా, గొడుగును పాదుకలును మాత్రము మిగిలినవాడై, ఇక అచ్చట నిలువజాలక వెడలిపోవును. స్వర్గమందలి జీవుడును కొద్దిపాటి శేషముతో అచ్చట నిలువలేడు. ఆచార్యులు ఆ పక్షమును పిదప నిరాకరించి, జీవుని వెంట దిగునది స్వర్గపుణ్యపు మిగులు కాదనియు, ఈ లోకమున ఫలింపవలసిన ఇతర కర్మమనియు నిర్ణయించిరి. కాని ఆ సేవకుని చిత్రము మాత్రము చెరిగిపోదు. గొడుగుతో పాదుకలతో రాజద్వారమునుండి వెలువడుచున్న ఆ మనుష్యుని, కిష్ ద్వీపపు హోటలు మెట్లమీద చేతిసంచితో కూర్చున్న కడప జిల్లావానియందు నేను చూచుచున్నాను. వేయి సంవత్సరములకు పూర్వము భాష్యము వ్రాసిన మహానుభావుడు, తత్త్వము చెప్పుచు, కొలువు కొరకు పోయి కరగిపోయిన ఒక సామాన్యుని దైన్యమును ఇంత దగ్గరగా చూచియుండుట ఆశ్చర్యము గాదు; చూచినవాడు గనుకనే ఆచార్యుడైనాడు.

స్వర్గమునుండి పడిన యయాతి కథయు ఇచ్చట స్మరణీయమే. తపస్సున తనకు సాటి లేరని యింద్రునియెదుట పలికిన గర్వముచేత అతడు క్రిందికి జారినపుడు, అష్టకుడు మొదలైన దౌహిత్రులు తమ పుణ్యమును తీసికొనుమని బ్రతిమాలిరి. పరుల ఖాతామీద తిరిగి ప్రవేశించుటకు ఆ రాజు ఒప్పుకొనలేదు. ఆ నిరాకరణముతోనే అతని అహంకారము కడిగివేయబడినదని నేను తలంతును.

మా సీమలోనే ఈ ప్రశ్న వేరొక రూపమున ఎదురైనది. పుట్టపర్తిలో 1950 నవంబరు 23న ప్రశాంతి నిలయము ప్రారంభమైన తరువాత, సత్యసాయిబాబా దర్శనమునకు దేశదేశములనుండి జనులు వచ్చిరి. వారిలో దీర్ఘకాలము ఉండదలచిన కొందరికి పర్యాటక వీసా గడువు అడ్డువచ్చెడిది. కొలంబోకో కాఠ్మాండుకో పోయి క్రొత్త వీసాతో తిరిగి వచ్చుట భారతదేశమున నెలలతరబడి ఉండగోరు విదేశీయులకు పరిచితమైన మార్గము. 2009 చివరిలో మన ప్రభుత్వము, పర్యాటకుడు వెడలిన పిదప రెండు నెలలు గడువనిదే మరల రారాదని నియమించి, 2012 డిసెంబరులో కొన్ని దేశములవారికి తప్ప మిగిలినవారికి దానిని సడలించినది. గురుసన్నిధి కొరకు చేసిన ఈ ప్రయాణము వంచనయా? గురువు దగ్గర ఉండుటకు ఆతిథ్యమిచ్చిన రాజ్యముతో దాగుడుమూతలాడుట సాధనకు శోభ కాదని నా అభిప్రాయము. సన్నిధి విలువ తెలిసినవాడు ఎడబాటు విలువను కూడ తెలిసికొనవలెను. రెండు నెలలు దూరముగ నుండుమన్న నియమమును కొందరు శాపముగ భావించిరి; అది వరము కూడ కావచ్చును. 2011 ఏప్రిల్ 24న బాబా దేహమును విడిచిన తరువాత కూడ ఆ సన్నిధి నిలిచినదా లేదా యని ప్రతి భక్తుడును తన్ను తాను అడుగుకొనవలసియే వచ్చినది గదా.

కాని యీ కఠినమైన తీర్పును నేను కూలివానికి వర్తింపజేయజాలను. సాధకుడు ఉండగోరినది తన యిచ్ఛచేత; తిరిగిపోవుటకు అతనికి ఇల్లున్నది, సొమ్మున్నది. రాయచోటి యువకుడు ఉండగోరినది అప్పుచేత. అంతేకాక అతనిని అచ్చట ఉంచుకొనగోరినవారు వేరే యున్నారు. మేడలు కట్టుటకు అతని చేతులు కావలెను, వంటయింట అతని అక్కచెల్లెండ్ర చేతులు కావలెను. కాని వారు ఆ నేలవారు కారాదు. కావలెననియు వద్దనియు ఒక్క నోట చెప్పలేని ఆతిథేయుడు, ఆ రెండు మాటలను ఇముడ్చుకొనుటకు కల్పించిన యుక్తియే ఈ రాకపోకల నియమము. అందలి అసత్యము అతిథిది కాదు. ధర్మశాస్త్రము అతిథికి ఒక్క రాత్రి గడువు పెట్టినపుడు, ఆ రాత్రి కాళ్లు కడుగ నీళ్లు, కూర్చుండ పీట, తిన అన్నము, పడుకొన చోటు ఇచ్చుట గృహస్థునకు విధించినది. గడువు పెట్టు అధికారమును ఉంచుకొని, ఆ గడువులోపలి బాధ్యతను వదలుకొన్న గృహస్థుని శాస్త్రము ఎరుగదు.

ఆతిథేయుడు స్పష్టముగా మాట చెప్పగలడనుటకు నిదర్శనము కూడ మన కన్నులయెదుటనే జరిగినది. కోవిడ్ మహమ్మారి కాలమున విమానములు నిలిచిపోయినపుడు, దేశము వెలుపలికి పోకయే విజిట్ వీసాను క్రొత్తదిగా మార్చుకొనుటకు ఎమిరేట్ల ప్రభుత్వము అనుమతించినది. దరఖాస్తు పెట్టినవాడు ఉన్నచోటనే ఉండెను, రుసుము చెల్లించెను, సమాధానము వచ్చెను. ఏ ద్వీపమునకును పోనక్కరలేకపోయినది. వ్యాధి తగ్గిన పిదప, వెలుపలికి పోయి రావలెనను నియమము మరల వచ్చినది. అనగా ఆ ప్రయాణము రాజ్యరక్షణకు ఎన్నడును అనివార్యము కాదనియేగదా! పేరు, వేలిముద్ర, గడచిన దినముల లెక్క, పిలిచిన యజమాని వివరము, అన్నియు కౌంటరువద్దనే ఉన్నవి. తల్లి మెడలోని బంగారము కుదువబెట్టి విమానమెక్కిన యువకుడు వచ్చి నిలబడి అడిగినపుడు, ఉండుమనియో, గౌరవముగా ఇంటికి పొమ్మనియో అచ్చటికచ్చటనే చెప్పుటకు ఏ రాజ్యమునకైనను కొరతపడునది ఏమున్నది?